ఏ ఒడ్డుకు ముందు గోడ?

అయోవా రాష్ట్రంలో రెండో పెద్ద ఊరు సీడర్ రాపిడ్స్. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 1,37,710 మంది. అంటే ఇంచుమించు మన భీమవరమంత. ఊరి మధ్య నుంచి సీడర్ నది పోతుంది. తూర్పు ఒడ్డున డౌన్‌టౌన్, ఆఫీసులు, ఆసుపత్రులు. పడమటి ఒడ్డున పాత కార్మికవాడలు. ఒడ్డునే ఉన్న క్వేకర్ ఓట్స్ ఫ్యాక్టరీలో ఏం వండుతున్నారో గాలే చెప్పేస్తుంది. ఒక రోజు వేయించిన ఓట్స్ వాసన, ఇంకో రోజు తియ్యటి పళ్ల వాసన. మా అమ్మాయి అక్కడ విమానాల ఎలక్ట్రానిక్స్ తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఆ వాసనను బట్టే గాలి ఎటు వీస్తోందో చెప్పేస్తుంది.

2025 వేసవిలో మేం వెళ్లినప్పుడు అల్లుడు నయాగరాకు టిక్కెట్లు చూస్తానన్నాడు. నేను ఈ ఊరే చూస్తానన్నాను. కారణం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మేం మేడ మీద ఉన్నాం. కింది వాటాల వాళ్ల సామానంతా నీళ్లలో. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. ఎలాగో సిగ్నల్ దొరికి ఫోన్ కలిసినప్పుడు మా అమ్మాయి అంది: "అమ్మా, మా ఊరు కూడా 2008లో ఇలాగే మునిగిందట." ఆ మాట నాలో ఉండిపోయింది. మునిగిన ఊరు పదిహేడేళ్ల తర్వాత ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

2008 జూన్ 13న ఇక్కడ నది 31.12 అడుగులకు చేరింది. పన్నెండు అడుగులు దాటితేనే వరద అంటారు. అంతకుముందు రికార్డు 20 అడుగులు, అదీ ఎప్పుడో 1851లో, మళ్లీ 1929లో. ఒక్కసారిగా పదకొండు అడుగులు ఎక్కువ వస్తుందని ఎవరనుకుంటారు? ఊళ్లో పది చదరపు మైళ్ల మేర నీటిలో మునిగింది. సిటీ హాలు అప్పుడు నది మధ్యలోని దీవిలో ఉండేది, అదీ మునిగింది. ఊరికి నీళ్లిచ్చే పెద్ద బావులు నది పక్కనే ఉంటాయి. వాటిలో ఒక్కటి మాత్రం మిగిలింది. రేడియోలో, టీవీలో పిలుపు వినగానే జనం పరుగెత్తుకొచ్చి, చీకట్లో చేయీ చేయీ కలిపి ఇసుక బస్తాలు పేర్చి దాన్ని కాపాడుకున్నారు. అది కూడా పోయుంటే ఊరంతా నీళ్లలో ఉండి గుక్కెడు మంచినీళ్లకు అల్లాడేది. ఆ మాట విన్నప్పుడు మా మేడ మీద మేం గడిపిన రాత్రులు గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి.

ముందుగా చెక్ విలేజ్‌కు వెళ్లాం. వందేళ్లకు ముందే చెక్ దేశస్థులు మాంసం ఫ్యాక్టరీల్లో పనికి వచ్చి స్థిరపడ్డ పేట ఇది. అక్కడి చెక్, స్లోవాక్ జాతీయ మ్యూజియాన్ని 1995లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్, చెక్ అధ్యక్షుడు హావెల్, స్లోవాక్ అధ్యక్షుడు కోవాచ్ ముగ్గురూ వచ్చి ప్రారంభించారు. పదమూడేళ్లకే మునిగింది. తర్వాత వాళ్లు చేసిన పని వింటే నమ్మలేం: 2011లో దాదాపు పదిహేను వందల టన్నుల ఆ కట్టడాన్ని అలాగే లేపి, 480 అడుగులు జరిపి, పదకొండు అడుగుల ఎత్తు మీద కూర్చోబెట్టారు. 2012లో మళ్లీ తెరిచారు. కింద కార్ల పార్కింగ్, పైన మ్యూజియం. వరదొస్తే కార్లు తీసేస్తే చాలు. పక్క వీధిలో మధ్యలో పండ్ల గుజ్జో గసగసాలో పెట్టిన కొలాచీలు అనే చెక్ బన్నులు కొన్నాం. గసగసాలది బాగుంది.

నది దాటితే న్యూబో సిటీ మార్కెట్. వరదలో పాడైన పాత ఫుడ్ ఫ్యాక్టరీని 2012లో మార్కెట్‌గా మార్చారు. శనివారం కాబట్టి కిటకిటలాడుతోంది. చూడ్డానికి బాగుంది. కానీ నా మనసు పడమటి ఒడ్డు మీదే ఉంది.

టైమ్ చెక్ అనే పేట పడమటి ఒడ్డున ఉంది. ఒకప్పుడు రైల్వే కార్మికులకు రాబోయే తేదీ వేసిన చెక్కులతో జీతాలిచ్చేవారట, ఆ పేరు అలా వచ్చింది. కారు దిగి నడిచాం. పార్కేమో అనిపించేంత గడ్డి. కొంచెం పరీక్షగా చూస్తే పేవ్‌మెంట్ అంచు అక్కడక్కడా కిందికి దిగి ఉంటుంది, కారు లోపలికి పోవడానికి వేసిన రాంపులా. దాని వెనక ఇల్లు లేదు. ఇంకో పాతిక అడుగులు నడిస్తే మళ్లీ ఒకటి. ఇళ్ల మధ్య హద్దు కోసం నాటిన చెట్లు మాత్రం వరుస తప్పకుండా ఉన్నాయి. వరద తర్వాత ఊరు మొత్తం మీద వెయ్యికి పైగా ఇళ్లను నగరపాలక సంస్థ కొని పడగొట్టింది. కేంద్ర విపత్తు సంస్థ ఫెమా డబ్బుతో కొన్న స్థలంలో మళ్లీ ఇల్లు కట్టకూడదు, ఖాళీగానే ఉంచాలి.

కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. విజయవాడ సంగతి చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. తన ఇల్లు ఎక్కడుండేదో వేలితో చూపించాడు. ఇప్పుడు గుట్ట మీదున్న కొత్త కాలనీలో ఉంటున్నా నడకకు ఇక్కడికే వస్తాడట. అప్పటి నష్టం గురించి కాదు, ఇప్పటి గోడ గురించే ఆయన ఎక్కువ మాట్లాడాడు. ఆ రోజు నాకు అర్థమైన విషయం ఇక్కడ రాయాలి.

అమెరికాలో వరద గోడలు కట్టే బాధ్యత ఎక్కువగా సైన్యంలోని ఇంజనీర్ల విభాగానిది. వాళ్ల లెక్క సూటిగా ఉంటుంది: గోడకు ఒక డాలరు ఖర్చయితే అది తప్పించే నష్టం డాలరు కన్నా ఎక్కువుండాలి. ఆ నష్టాన్ని ఆస్తి విలువతో లెక్కగడతారు. తూర్పున ఫ్యాక్టరీలు, ఆఫీసులు ఉన్నాయి కాబట్టి లెక్క కుదిరింది. పడమట కార్మికుల చిన్న చెక్క ఇళ్లు కాబట్టి కుదరలేదు. మనుషుల ఇళ్లు ఎక్కువగా పోయింది పడమటి వైపే, కేంద్ర ప్రాజెక్టులో గోడ వచ్చింది తూర్పుకే. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. ఇల్లు చవకైతే అందులో మనిషి కూడా చవకేనా?

అయితే ఊరు దాన్ని ఒప్పుకోలేదు. కడితే రెండు ఒడ్లకూ కడతాం అని సిటీ కౌన్సిల్ తీర్మానించుకుంది. డబ్బు మాత్రం తేలిగ్గా రాలేదు. వరద పనుల కోసం అమ్మకపు పన్ను పొడిగిద్దామని 2011లో, 2012లో ఓటింగ్ పెడితే రెండుసార్లూ జనమే ఓడించారు. పన్నంటే ఎవరికైనా భారమే. తర్వాత రాష్ట్రం తన అమ్మకపు పన్ను ఆదాయంలో కొంత ఏళ్ల తరబడి ఇస్తానంది. 2018లో కేంద్రం 11.7 కోట్ల డాలర్లు ఇచ్చింది. పడమటి పనులకు ఆధారం రాష్ట్రం డబ్బు, ఊరి డబ్బు. నది ఒడ్డున కచేరీలు జరిగే మెక్‌గ్రాత్ ఆంఫీథియేటర్ మెట్ల మీద కూర్చుంటే అది కరకట్ట కూడా అని తెలియదు. అదీ పడమటి ఒడ్డే. గోడలు పూర్తికాకముందే 2016 సెప్టెంబరులో నది మళ్లీ దాదాపు 22 అడుగులకు లేచింది. అప్పుడు కూడా వేల మంది వచ్చి ఇసుక బస్తాలు నింపారు, మట్టి నింపిన బుట్టల గోడలు కట్టారు, చాలావరకు ఊరు నిలబడింది.

ఈ సంగతులు వింటున్నంతసేపూ నాకు కృష్ణలంక గుర్తొచ్చింది. 2024లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వెళ్లినా, రిటైనింగ్ వాల్ వల్ల కృష్ణలంక గట్టెక్కింది. ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన గోడ అది, దాని విలువ నాకు తెలుసు. బుడమేరు వైపు మాత్రం గండ్లు పడి మేం మునిగాం. ఒకే ఊరు, రెండు వైపులు.

పడమటి ఒడ్డున ఇప్పుడు ఇంకో రగడ నడుస్తోంది. వరద తర్వాత ఖాళీ అయిన ప్రాంతంలోనే క్యాసినో కడుతున్నారు. 2014లో, 2017లో జూదశాలలకు అనుమతులిచ్చే రాష్ట్ర కమిషన్ కాదంది, 2025 ఫిబ్రవరిలో ఒప్పుకుంది. ఉద్యోగాలొస్తాయని కొందరు, జూదమేమిటని కొందరు. పెద్దాయన మాత్రం, కాపాడటానికి ఖరీదైన ఆస్తి ఇప్పుడు ఇటువైపూ వచ్చింది కదా అన్నాడు. ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో నాకు తోచలేదు.

ఆ పేటకు దగ్గర్లోనే 1934లో సిరియా, లెబనాన్ వలసదారులు కట్టిన చిన్న మసీదు ఉంది. మదర్ మాస్క్ అంటారు. మసీదుగానే కట్టి ఉత్తర అమెరికాలో ఇప్పటికీ నిలిచివున్న వాటిలో పాతది ఇదే. మామూలు ఇల్లంత ఉంటుంది, పైన పచ్చని గుమ్మటం. 2008లో దీని నేలమాళిగ మునిగి పాత కాగితాలు, పుస్తకాలు పాడయ్యాయి.

వరద చాలదన్నట్టు 2020 ఆగస్టు 10న డెరేచో అనే పెనుగాలి వచ్చింది. గంటకు 140 మైళ్ల వేగం దాకా వీచిందని అంచనా. మా అమ్మాయి బాత్‌రూమ్‌లో దాక్కున్న రోజు అది. నగరంలో చెట్ల పచ్చదనం దాదాపు 65 శాతం పోయింది. కొన్ని అపార్ట్‌మెంట్లు కూలితే ఆఫ్రికా నుంచి, పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు పసిపిల్లలతో టెంట్లలో పడుకున్నాయి. వీధుల్లో ఇప్పుడు నా భుజం ఎత్తు మొక్కలు, పక్కన నీళ్ల సంచులు. నగరం పదేళ్లలో 42 వేల చెట్లు నాటాలని పెట్టుకుంది. మా అమ్మాయి ఇంటి ముందున్న మొక్కకు పక్కింటావిడ కూడా నీళ్లు పోస్తుంది, ఎవరూ చెప్పకుండానే.

ఇక్కడ కొన్ని భవనాల మీద 2008లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో గుర్తు ఉంటుంది. తిరిగొచ్చాక మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో నేనూ అడిగాను, మెట్ల దగ్గర గోడ మీద బుడమేరు నీటి మట్టానికి గీత గీసి తేదీ రాద్దామని. ఫ్లాట్ల రేటు పడిపోతుందని ఇద్దరు ముగ్గురు వద్దన్నారు. కింది వాటా ఆవిడ మాత్రం తన తలుపు పక్కనే గీయమంది. వచ్చే నెల మీటింగ్‌లో మళ్లీ పెడతాను.