పిల్లికి బిచ్చం పెడితే 500 ఫైన్

మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన ఆ నోటీసు చూసి ముందు నవ్వొచ్చింది. 'సెల్లార్‌లో పిల్లులకు తిండి పెట్టినవారికి రూ. 500 జరిమానా.' పిసినారిని పిల్లికి బిచ్చం పెట్టడని తిట్టడం విన్నాను గానీ, పెట్టినందుకు డబ్బు కట్టమనడం అదే మొదటిసారి. పేరు రాయలేదు. పెట్టేది నేనొక్కదాన్నే కాబట్టి రాయనక్కర్లేదు కూడా.

ఉన్నవి మూడు పిల్లులు. ఫిర్యాదు చేసింది రెండో అంతస్తు అంకుల్. తెల్ల కారు బానెట్ మీద రోజూ బురద అడుగులు. అది నిజమే, నేనూ చూశాను. పొద్దున్నే ఎదురొస్తున్నాయన్నది ఆయన రెండో బాధ. దానికి నా దగ్గర మందు లేదు.

ఆ రాత్రి కూర్చుని 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు చదివాను. ఎక్కువ భాగం కుక్కల గురించే. కానీ తిండి పెట్టడం గురించి చెప్పే 20వ నిబంధనలో ఉన్న మాట 'కమ్యూనిటీ యానిమల్స్', అంటే ఎవరి సొంతమూ కాకుండా మన మధ్య బతికే జంతువులు. వాటికి తిండి పెట్టే ఏర్పాటు అసోసియేషనే చూడాలట. ఇంకేం, ప్రింటు తీసుకుని సెక్రటరీ గారింటికి వెళ్లాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివి, ఒక లైను మీద వేలు పెట్టారు. "మెట్లకి, రాకపోకల దారికి, పిల్లలు ఆడుకునే చోటుకి దూరంగా పెట్టాలని ఉందిగా అమ్మా. మీరు పెడుతున్నది ఎక్కడ?"

మెట్ల కిందే. తుడవకుండా వదిలేసిన అన్నం మెతుకులకు చీమలు పట్టిన రోజులూ ఉన్నాయి. పెట్టినవాళ్లే శుభ్రం చేయాలని కూడా అందులోనే ఉంది.

గొడవ తెగకపోతే పశువైద్యాధికారి, పోలీసులు ఉండే కమిటీ దాకా వెళ్లొచ్చు. అంత దూరం వెళ్లే ఓపిక ఇద్దరికీ లేదు. జనరేటర్ వెనక, రాత్రి తొమ్మిదిన్నరకు, అరగంటలో గిన్నె తీసేయాలి అని తేల్చుకున్నాం. రెండు ఆడపిల్లులకు ఆపరేషన్ ఖర్చు నాది.

పిల్లులకు ఈ ఒప్పందం అర్థం కావడానికి వారం పట్టింది. మెట్ల కిందే కూర్చుని నా వైపు చూసేవి. చివరికి వాచ్‌మన్ జనరేటర్ దగ్గర స్టీలు గిన్నెను చెంచాతో వాయిస్తే కదిలాయి.

నోటీసు ఇప్పటికీ అక్కడే ఉంది. దాని కింద సెక్రటరీ గారు పెన్నుతో చేర్చారు: 'జనరేటర్ వెనక తప్ప.'