తలకిందులైన స్క్రీన్, రెండు సాయంత్రాలు, ఒక ఖాళీ

నాన్న కోసం సెకండ్‌హ్యాండ్‌లో ఒక లాప్‌టాప్ కొన్నాను, స్క్రీన్ పూర్తిగా వెనక్కి మడిస్తే టాబ్లెట్ అయిపోయే రకం, పొద్దున్నే ఈపేపర్ చదువుకోవడానికి హాయిగా ఉంటుందని. ఉన్న విండోస్ తీసేసి ఫెడోరా (లైనక్స్‌లో ఒక రకం) ఎక్కించాను. లాగిన్ అవగానే స్క్రీన్ గిర్రున తిరిగి తలకిందులైంది. "ఏంట్రా ఇది, నన్ను గబ్బిలంలా వేలాడి చదవమంటావా?" అన్నారు నాన్న.

రొటేషన్ లాక్ నొక్కితే ఆ పూటకి గొడవ వదిలింది. కానీ లాక్ వేసుక్కూర్చుంటే నిలువుగా పట్టుకున్నా పేపర్ అడ్డంగానే ఉంటుంది, ఇక ఆ మడతల లాప్‌టాప్ కొన్నదెందుకు?

నా అనుమానమంతా వంపు పసిగట్టే సెన్సర్‌ని నడిపే డ్రైవర్ మీదే. దాని మాడ్యూల్ తీసి మళ్ళీ ఎక్కించాను, పాత కెర్నల్‌తో (లైనక్స్ గుండెకాయ అదే) బూట్ చేశాను, అలా రెండు సాయంత్రాలు పోయాయి. ముందే చేయాల్సింది ఇంకొకటుంది: టెర్మినల్‌లో 'మానిటర్-సెన్సర్' కమాండ్ ఇచ్చి లాప్‌టాప్‌ని అటూ ఇటూ వంచడం. యాక్సిలరోమీటర్ (ఆ వంపు సెన్సర్) లేదని వస్తే అప్పుడు డ్రైవర్‌ని అనుమానించొచ్చు. నాకు మాత్రం వంచినప్పుడల్లా చక్కగా మారుతోంది, కాకపోతే మామూలుగా బల్ల మీద పెడితే 'బాటమ్-అప్' (కింది వైపు పైన) అంటోంది. అంటే డ్రైవర్ తన పని తను చేస్తోంది, చిప్‌నే బోర్డు మీద తిప్పి అతికించారు.

కెర్నల్‌కి తెలిసేది మూడు దిశల్లో సెన్సర్ ఇచ్చే ఎక్స్, వై, జెడ్ అంకెలే. ఆ అంకెల్ని బట్టి ఏ వైపు పైన ఉందో తేల్చేది ఐఐఓ-సెన్సర్-ప్రాక్సీ అనే ప్రోగ్రామ్. చిప్ ఎటు తిరిగి ఉందో తయారీదారు బయాస్‌లో చెప్పకపోతే, సిస్టమ్‌డీతో (లైనక్స్‌లో సర్వీసులు నడిపేది) వచ్చే '60-సెన్సర్' హెచ్‌డబ్ల్యూడీబీ (పరికరాల వివరాల పట్టిక) ఫైల్లో ఆ మోడల్‌కి ఒక మౌంట్ మ్యాట్రిక్స్, అంటే చిప్ ఎటు తిరిగి ఉందో చెప్పే తొమ్మిది అంకెలు, ఉండాలి. మా మోడల్ అందులో లేదు.

(ఈ సెన్సర్ అసలు వచ్చింది స్క్రీన్ తిప్పడానికి కాదు. 2003లో ఐబీఎం థింక్‌ప్యాడ్‌లలో పెట్టినప్పుడు, లాప్‌టాప్ చెయ్యిజారితే హార్డ్‌డిస్క్ హెడ్‌ని పక్కకి తప్పించడం దాని పని. లైనక్స్‌లో దానికి హెచ్‌డాప్స్ డ్రైవర్ 2005లో వచ్చింది. ఇప్పుడు ఎస్‌ఎస్‌డీల్లో హెడ్డే లేదు.)

ఈటీసీలోని యూడెవ్ (పరికరాలని గుర్తించే భాగం) కింద హెచ్‌డబ్ల్యూడీబీ ఫోల్డర్‌లో నాదొక ఫైల్ రాశాను, పేరు 61తో మొదలయ్యేలా. తలకిందులే కదా అని వై ఒక్కదానికే మైనస్ పెట్టాను. స్క్రీన్ నిటారుగా నిలబడింది, గంతేశాను. తర్వాత కుడివైపు తిప్పితే ఎడమకి, ఎడమకి తిప్పితే కుడికి! ఒక్క వై మారిస్తే అది తిప్పినట్టు కాదు, అద్దంలో చూసినట్టు. చిప్ 180 డిగ్రీలు తిరిగినప్పుడు ఎక్స్, వై రెండింటికీ మైనస్ పడాలి, జెడ్‌ని ముట్టుకోకూడదు: "-1, 0, 0; 0, -1, 0; 0, 0, 1".

రెండో మైనస్ పెట్టి సేవ్ చేశాక అసలు ఏమీ పనిచేయలేదు, మళ్ళీ గబ్బిలమే. అరగంట తల పట్టుకున్నాక కనబడింది, ఆ లైన్ ముందు ఉండాల్సిన ఒక్క స్పేస్ ఎడిట్ చేస్తూ చెరిపేశాను. ఆ ఖాళీ లేకపోతే దాన్ని విలువ అనుకోదు, ఇంకో పరికరం పేరనుకుని మొత్తాన్ని పక్కన పడేస్తుంది. పైగా ఎర్రర్‌లో ఆ సంగతి రాసే ఉంది, నేనే చదవలేదు! స్పేస్ కొట్టి, సిస్టమ్‌డీ-హెచ్‌డబ్ల్యూడీబీ అప్‌డేట్, యూడెవ్ ట్రిగర్ ఇచ్చి, ప్రాక్సీ సర్వీస్‌ని రీస్టార్ట్ చేస్తే నాలుగు వైపులా సరిగ్గా తిరిగింది.

ఆ లైన్‌ని సిస్టమ్‌డీ వాళ్ళకి కూడా పంపాను. నాన్న ఇప్పుడు పేపర్ నిలువుగానే చదువుతున్నారు. మడిచినప్పుడు వెనకున్న కీబోర్డ్ మాత్రం ఆగట్లేదు, వేలు తగిలితే పేజీ ఎక్కడికో పోతోంది. ఈ ఆదివారం దాని పని చూడాలి.