వియత్నాంలో తొంభై రోజులు: హనోయి, డానాంగ్, సైగాన్‌లలో మకాం ఎక్కడ?

ఒంటరిగా వెళ్ళి పరాయి దేశంలో రెండు మూడు నెలలు ఉందామనుకునేవాళ్ళు ఊరిని దాని మంచి నెల చూసి ఎంచుకుంటారు. వీడియోల్లో కనిపించేది ఆ నెలే కాబట్టి. నాలుగు రోజులకు వెళ్ళేవాళ్ళకు అది సరిపోతుంది, వాన పడితే ఇంకో ఊరికి బస్సెక్కుతారు. గది అద్దె కట్టి, వంట సామాను సర్దుకుని, పొద్దున ఆఫీసు కాల్‌కి కూర్చునే మనిషికి ఆ వీలు ఉండదు. అందుకే మకాం వేసే ఊరి చెడ్డ నెల ఏదో ముందు తెలుసుకోవాలి. ఆ నెల మీ తొంభై రోజుల్లో పడకపోతే చాలు, మిగతావన్నీ సర్దుకోవచ్చు.

తొంభై రోజులన్న లెక్క వీసాది. 2023 ఆగస్టు 15 నుంచి వియత్నాం ఈ-వీసా అన్ని దేశాలవాళ్ళకీ 90 రోజులకు ఇస్తోంది. ఒక్కసారి దిగడానికి 25 డాలర్లు, మళ్ళీ మళ్ళీ వచ్చిపోవడానికి 50. ప్రభుత్వ సైటు చిరునామా చివర గవ్ డాట్ వీఎన్ అని ఉంటుంది. అచ్చం దానిలాగే కనిపించే ప్రైవేటు సైట్లు వెతుకులాటలో పైనే కూర్చుని అదే పనికి రెండు మూడింతలు గుంజుతాయి. మూడు పనిదినాల్లో ఇస్తామంటారు గానీ రెండు వారాలు చేతిలో పెట్టుకోండి, సెలవుల వారంలో పని కదలదు. కట్టిన రుసుము తిరిగి రాదు.

ఈ ఫారంలో తెలుగువాళ్ళు పొరపడేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి కొందరికి ఖాళీగా ఉంటుంది, కొందరికి తండ్రి పేరుతో సహా అంతా ఒకే గడిలో ఉంటుంది. ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసల కోడ్ ఉంటుంది కదా, అందులో పేరు ఏ క్రమంలో ఉందో అదే క్రమంలో, అవే అక్షరాలతో రాయండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఇక్కడి చెక్-ఇన్ కౌంటర్‌లోనే ఆపేస్తారు. రెండో చిక్కు తేదీ. వీసా మీద మొదటి రోజు, చివరి రోజు రెండూ అచ్చవుతాయి. తొంభై రోజులు ఆ మొదటి తేదీ నుంచే మొదలవుతాయి, మీరు దిగిన రోజు నుంచి కాదు. వారం ఆలస్యంగా దిగితే వారం పోయినట్టే. మన దగ్గర రాత్రి ఎక్కే విమానాలు అక్కడ తెల్లవారాక దిగుతాయి, రాయాల్సింది దిగే తేదీ. ఫారంలో ఏ విమానాశ్రయం రాశారో అందులోనే దిగడం క్షేమం.

ఇక ఊళ్ళు. హనోయి నుంచి సైగాన్‌కి (కాగితాల మీద హో చి మిన్ సిటీ) రైలు మార్గం 1,726 కిలోమీటర్లు, డానాంగ్ దాదాపు నట్టనడుమ. ఇంత పొడవాటి దేశంలో మూడు చోట్లా ఒకే వాతావరణం ఉండదు. ఒక ఊళ్ళో ఎండ కాస్తున్న నెలలో ఇంకో ఊరు వరదలో ఉంటుంది.

డానాంగ్‌కి ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా తిరుగులేదు. జూన్, జులైల ఎండ మన కోస్తా ఎండే, సాయంత్రం సముద్రపు గాలి వస్తుంది. సెప్టెంబరులో మారుతుంది. అక్టోబరు, నవంబరు ఈ ఊరికి చెడ్డ నెలలు: ఈశాన్య గాలి సముద్రపు తేమను మోసుకొచ్చి వెనకున్న కొండలకు కొడుతుంది, దానికి తుపాన్లు తోడవుతాయి. 2022 అక్టోబరు 14న కురిసిన వానకు ఊళ్ళో చాలా వీధులు మునిగాయి, 2025 అక్టోబరు చివర్లో పక్కనున్న హోయి ఆన్, హ్యూ మునిగాయి. వరద రాని రోజుల్లోనూ ఆ రెండు నెలలు ఉతికిన బట్ట ఆరదు, మీ ఖే (My Khe) అనే అక్కడి బీచిలో ఈతకు దిగనివ్వరు. "ఆఫ్ సీజన్‌లో అద్దె సగమే" అని ఎవరైనా ఊరిస్తే, ఎందుకు సగమో ఇదీ సంగతి.

హనోయి దీనికి పూర్తిగా తలకిందులు. డానాంగ్ మునిగే అక్టోబరు, నవంబరుల్లోనే హనోయి ఏడాదిలోకెల్లా బాగుంటుంది: పొడి గాలి, తేలికైన ఎండ. డిసెంబరు నుంచి చలి, పదీ పదిహేను డిగ్రీలే గానీ ఇళ్ళలో హీటర్లు ఉండవు, గచ్చు మంచులా తగులుతుంది. పైగా గాలి కదలక పొగ, దుమ్ము ఊరి మీదే నిలిచిపోతాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మూడూ వదిలేయాలి.

ఫిబ్రవరి, మార్చిల్లో ఇంకో రకం బాధ. సముద్రం మీంచి వచ్చే వెచ్చటి తడిగాలి, చలికాలమంతా చల్లబడి ఉన్న నేలకు తగిలి నీరవుతుంది. నేల, గోడలు, అద్దాలు చెమటలు పడతాయి. తుడిచినకొద్దీ మళ్ళీ తడే. గాలి ఆడితే ఆరుతుందని కిటికీలు తీస్తాం, కొత్త తడి లోపలికి వచ్చి ఇంకా పెరుగుతుంది. కిటికీలు మూసి ఏసీని డ్రై మోడ్‌లో పెట్టాలి, తేమ లాగే యంత్రం ఉంటే మరీ మంచిది. కెమెరా లెన్సులు, తోలు సంచులు, మినపపప్పు, అన్నిటికీ బూజు పడుతుంది. ఆ నెలల్లో గ్రౌండ్ ఫ్లోర్ గది ఊరికే ఇచ్చినా వద్దు.

సైగాన్ గురించి చెప్పేది తక్కువ. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి, మే నుంచి నవంబరు దాకా వాన. ఆ వాన కూడా చాలావరకు మధ్యాహ్నం గంటా రెండు గంటలు దంచి పోయేదే. ఏడాదంతా వేడి. ఒక్క విషయం చూసుకోవాలి: సెప్టెంబరు నుంచి జనవరి దాకా అమావాస్య, పౌర్ణమి పోట్లకు నదీ కాలువలు ఎగదన్నుతాయి, వాన లేకపోయినా పల్లపు వీధుల్లో మోకాలి దాకా నీళ్ళు నిలుస్తాయి. విదేశీయులు ఎగబడే తావ్ దియెన్‌లో కొన్ని వీధులది ఈ పరిస్థితే.

అందుకని నా లెక్క ఇలా ఉంటుంది. మార్చి–ఆగస్టు మధ్య మూడు నెలలైతే డానాంగ్. డిసెంబరు–ఏప్రిల్ మధ్యయితే సైగాన్. అక్టోబరు నుంచి మొదలైతే హనోయిలో దిగి, డిసెంబరు రాగానే సైగాన్‌కి మారడం. మొదటిసారి ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు డానాంగే మేలు: ఊరు చిన్నది, విమానాశ్రయం ఊళ్ళోనే, దారి తప్పినా నదో సముద్రమో చూసుకుని ఇల్లు చేరొచ్చు. టెట్ పండగ, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, 2027లో ఫిబ్రవరి 6న. ఆ వారం మూడు ఊళ్ళూ ఒకటే. చిన్న కొట్లు మూసేస్తారు, టికెట్ల ధరలు పెరిగిపోతాయి. ఆ వారం చేతిలో సరుకులు ఉంచుకుని కదలకుండా ఉండటమే పని.

పేట ఎంచుకునేటప్పుడు ఒక గందరగోళం. 2025 జులై 1 నుంచి అక్కడ జిల్లా స్థాయి తీసేశారు, 63 రాష్ట్రాలు, నగరాలు 34 అయ్యాయి. కాగితాల మీద ఇప్పుడు వార్డు, దాని పైన నగరం, అంతే. అద్దె ప్రకటనల్లోనూ జనం నోటా మాత్రం "డిస్ట్రిక్ట్ 1", "హై చావ్", "సొన్ ట్రా" అనే నడుస్తోంది. గది వెతకడానికి పాత పేరు, ఫారాలకు కొత్త పేరు, రెండూ ఇంటి ఓనరు చేతే రాయించుకోండి.

డానాంగ్‌లో నదికి తూర్పున బీచి పక్క ఆన్ థుయొంగ్ వీధులు: ఇంగ్లీషు నడుస్తుంది, కాఫీ కొట్లు వరసగా ఉంటాయి, అద్దె ఎక్కువ, పక్క స్థలంలో ఏదో ఒక హోటల్ కడుతూనే ఉంటారు. పడమటి ఒడ్డున హై చావ్ అసలు ఊరు: మార్కెట్లు, ఆసుపత్రులు, అద్దె తక్కువ. రన్‌వే ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి దాని రెండు కొసల దిక్కున విమానాల మోత తప్పదు. వంటగది ఉన్న ఒంటి గది ఆన్ థుయొంగ్ వైపు నెలకు సుమారు 70 లక్షల నుంచి 1.2 కోట్ల డాంగ్. కంగారు పడకండి, రెండు సున్నాలు కొట్టేసి మూడుతో భాగిస్తే రూపాయలు వస్తాయి: 23 వేల నుంచి 40 వేలు. రేటు 300కి కాస్త అటూ ఇటూ ఆడుతుంది.

ఏ పేటలో ఉండాలన్నది బండి ఉంటుందా లేదా అన్నదాని మీద కూడా చాలా ఆధారపడుతుంది. మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం పర్మిట్‌ని. అంటే మన పర్మిట్ జేబులో ఉన్నా అక్కడ లైసెన్సు లేనట్టే. బండి అద్దెకిచ్చేవాడు అడగడు, పోలీసు అడుగుతాడు. 2025 జనవరి నుంచి జరిమానాలు బాగా పెంచారు: లైసెన్సు లేకుండా 125 సీసీ లోపు బండికి 20 నుంచి 40 లక్షల డాంగ్, బండి కూడా పట్టుకుంటారు. దీనికన్నా పెద్ద నష్టం వేరే ఉంది: చెల్లే లైసెన్సు లేకుండా నడిపి పడితే ప్రయాణ బీమా పైసా ఇవ్వదు. 50 సీసీ లోపు మోపెడ్, 4 కిలోవాట్ల లోపు కరెంటు బండి అయితే లైసెన్సు అక్కర్లేదు. డానాంగ్‌కి అది చాలు. సైగాన్‌లో 2024 డిసెంబరులో తెరిచిన మెట్రో స్టేషనుకి నడిచే దూరంలో గది తీసుకుని, మిగతాదానికి గ్రాబ్ యాప్‌లో బైక్ పిలిచి ఎక్కడం మంచిది.

గది ఇక్కడి నుంచి బుక్ చేయకండి. మొదటి వారం హోటల్లో దిగి, గదులు రెండు పూటలా చూడాలి: పగలు కట్టుబడి పనుల మోత, రాత్రి ఎనిమిది తర్వాత పక్కింటి కరవోకే స్పీకరు. ప్రకటనలో "కిటికీ ఉంది" అంటే వెలుతురు ఉందని కాదు, చాలా గదుల్లో అది నడవలోకి తెరుచుకుంటుంది. అల్మారా తలుపు తీసి వాసన చూడండి, బూజు దాక్కునేది అక్కడ. షవర్ తిప్పి, సింక్ కుళాయి కూడా వదిలి ధార తగ్గుతుందేమో చూడండి. రెండో మెట్లదారి ఎక్కడుందో అడగండి. 2023 సెప్టెంబరులో హనోయిలో ఒక చిన్న అపార్టుమెంటు కాలిపోయి 56 మంది చనిపోయారు. బయటికి ఒకటే దారి, బాల్కనీకి ఇనుప చువ్వల బోను ఉన్న కట్టడాలు ఇంకా ఉన్నాయి. మెట్ల కింద బండ్లు పెట్టి చార్జింగ్ చేస్తుంటే ఆ మెట్లు ఎక్కకుండానే తిరిగొచ్చేయండి.

అద్దెలో కరెంటు ఉండదు. 2025 మేలో ప్రభుత్వ సగటు ధర యూనిట్‌కి 2,204 డాంగ్ అయింది, ఓనర్లు 3,500 నుంచి 4,000 వేస్తారు. ఏసీ బాగా వాడితే నెలకు 300 యూనిట్లు, అంటే 12 లక్షల డాంగ్, మన నాలుగు వేలు. బేరం అద్దె మీద కన్నా ఈ యూనిట్ ధర మీద ఆడితే త్వరగా తెగుతుంది.

ఓనరు మీ పేరు స్థానిక పోలీసుల దగ్గర నమోదు చేయించాలి. చట్టం ప్రకారం మీరు దిగిన 12 గంటల్లో. హోటళ్ళు వాటంతటవే చేస్తాయి. అపార్టుమెంటు ఓనర్లలో కొందరు పన్ను లెక్కల్లో పడతామని దాటేస్తారు. ఈ నమోదుని అక్కడ తామ్ ట్రు అంటారు; "తామ్ ట్రు చేయిస్తారా" అని డబ్బు కట్టకముందే అడిగి, చేసినట్టు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

వంట సంగతి. అక్కడి గదుల్లో గ్యాసు అరుదు, ఎక్కువగా ఇండక్షన్. మామూలు అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదు, అడుగుకి అయస్కాంతం అంటుకునేదే తీసుకెళ్ళండి. మన లావాటి మూడు పిన్నుల ప్లగ్ అక్కడి సాకెట్‌లో దూరదు, మిక్సీకి అడాప్టరు కావాలి. కందిపప్పు దొరకడం కష్టం, పొట్టు తీసిన పెసరపప్పు మాత్రం ప్రతి మార్కెట్లో ఉంటుంది, చింతపండు, కొత్తిమీర, పచ్చిమిర్చి కూడా. పెరుగు కప్పులు తియ్యగా ఉంటాయి, చక్కెర లేనివి వేరుగా అమ్ముతారు, పెరుగన్నానికి, తోడుకి అవే. శాకాహారులకు చేప సాసు ఒక్కటే పెద్ద చిక్కు, కూరల్లో కూడా పోస్తారు. "చై" (chay, అంటే శాకాహారం) అని బోర్డు ఉన్న హోటళ్ళలో అది ఉండదు, చాంద్రమాన నెల 1, 15 తేదీల్లో అవి కిటకిటలాడతాయి. సైగాన్‌లోనైతే బెన్ తాన్ మార్కెట్ దగ్గర మారియమ్మన్ గుడి ఉంది, నగరం నడిబొడ్డులో భారతీయ సరుకుల కొట్లూ ఉన్నాయి. డానాంగ్ వెళ్ళేవాళ్ళు ఇంగువ, ఆవాలు, కారం సంచిలో వేసుకోవాలి.

డబ్బు దగ్గర రెండే మాటలు. ప్రతి కొట్లో క్యూఆర్ కనిపిస్తుంది గానీ అది అక్కడి బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ళకి, యూపీఐని నమ్ముకుని వెళ్ళకండి. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలం ఛాయలే, చీకట్లో ఆటోమేటిగ్గా పొరబడతారు, పెద్దది వేరే జేబులో ఉంచండి.

ఆఫీసు పని అక్కడి నుంచి చేద్దామనుకుంటే కంపెనీ లిఖితపూర్వక అనుమతి ముందు తీసుకోండి. వియత్నాంలో డిజిటల్ నోమాడ్ వీసా లేదు. 183 రోజులు నిండితే అక్కడి పన్ను చట్టం ప్రకారం నివాసి అయిపోతారు, రెండో తొంభై రోజులకు ఆశపడేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఇదే. ఆ రెండో విడతకు దేశం దాటి కొత్త వీసాతో రావాలి. సైగాన్ నుంచి కంబోడియా సరిహద్దు మోక్ బై సుమారు 70 కిలోమీటర్లు, ఉదయం బస్సుకి వెళ్ళొచ్చు, కంబోడియా వీసాకి మాత్రం మనం వేరే కట్టాలి. డానాంగ్ నుంచైతే కొండల మీదుగా లావోస్ వైపు లావ్ బావో. హనోయి నుంచి బ్యాంకాక్ విమానమే నయం.

అడ్వాన్సు సాధారణంగా ఒక నెల అద్దె. తాళాలు తీసుకున్న రోజే కరెంటు మీటరు, గోడల మరకలు, పరుపు అడుగు ఫొటోలు తీసి ఓనరుకే పంపి పెట్టండి. ఖాళీ చేసే తేదీని విమానానికి రెండు రోజుల ముందు పెట్టుకోండి. ఎక్కే రోజు పొద్దున లెక్క తేల్చుకుందామంటే అడ్వాన్సు అక్కడే వదిలి రావాల్సి వస్తుంది.