ఆవడి జనాభా ఎంత? ముందు ఏ ఆవడో తేల్చుకోవాలి

చెన్నై శివారు ఊరైన ఆవడి పేరు గురించి నగరంలో తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘ఆర్మర్డ్ వెహికిల్స్ అండ్ డిపో ఆఫ్ ఇండియా’లోని తొలి అక్షరాలు కలిపితే ఆవడి అయిందట. ఇది తప్పు. తేదీలు చూస్తే చాలు, తేలిపోతుంది. ట్యాంకులు తయారుచేసే హెవీ వెహికిల్స్ ఫ్యాక్టరీ ఇక్కడికి వచ్చింది 1961లో. అంతకు ఆరేళ్ళ ముందే, 1955 జనవరిలో, కాంగ్రెస్ 60వ మహాసభ ఇక్కడ జరిగింది. దేశమంతా దాన్ని ఆవడి కాంగ్రెస్ అనే పిలిచింది. ఊరి పేరు పాతది, ఇంగ్లిషు విడమరుపు తర్వాత ఎవరో తగిలించింది.

ఆ మహాసభ తెలుగువాళ్ళకు బాగా దగ్గరి సంగతి కూడా. యు.ఎన్. ఢేబర్ అధ్యక్షతన సోషలిస్టు తరహా సమాజమే లక్ష్యమని తీర్మానం చేశారు. మరుసటి నెలలోనే ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు. గెలుపు కమ్యూనిస్టులదేనని చాలామంది అనుకుంటున్న సమయంలో ఆ తీర్మానం కాంగ్రెస్ ప్రచారానికి అందివచ్చింది. ఫలితాల్లో 196 స్థానాలకు కాంగ్రెస్ కూటమికి 146 వచ్చాయి, కమ్యూనిస్టులకు 15. ఆవడి అంటే ట్యాంకులే గుర్తొచ్చే ఈ రోజుల్లో ఈ ముక్క కూడా గుర్తుండాలి.

ఇక ఊరు పెరిగిన తీరు. దక్షిణ భారతంలో మొదటి ప్యాసింజర్ రైలు మార్గం 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు వేశారు. అది ఆవడి మీదుగానే పోతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడ సైనిక డిపోలు వెలిశాయి. 1961 నుంచి హెవీ వెహికిల్స్ ఫ్యాక్టరీ, సైనిక దుస్తులు కుట్టే ఆర్డ్నెన్స్ క్లోతింగ్ ఫ్యాక్టరీ, ఆ తర్వాత ట్యాంకుల పరిశోధన సంస్థ, ఇంజిన్ ఫ్యాక్టరీ వరసగా వచ్చాయి. 1965లో మొదటి విజయంత ట్యాంకు ఇక్కడి నుంచే బయటికి వచ్చింది. 2021 అక్టోబరులో ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీలను కంపెనీలుగా విడగొట్టినప్పుడు ఆర్మర్డ్ వెహికిల్స్ నిగమ్ ప్రధాన కార్యాలయం కూడా ఆవడిలోనే పెట్టారు.

రైలెక్కి చూస్తే ఈ చరిత్ర కంటికి కనబడుతుంది. ఆవడి దాటాక హిందూ కాలేజ్ స్టేషను, ఆ తర్వాత పట్టాభిరాం. అక్కడ మెయిన్ లైను నుంచి ఒక పాయ విడిపోయి మిలిటరీ సైడింగ్‌కు పోతుంది. ఒకప్పుడు డిపోల కోసం వేసిన ఆ పాయ మీద లోకల్ ట్రైన్లు నడుస్తాయి. ఊళ్ళో రోడ్లు కూడా ఇలాంటివే. ఎటు నడిచినా ఎక్కడో ఒకచోట రక్షణ శాఖ ప్రహరీ గోడ అడ్డం వస్తుంది, దాని వెంబడి చుట్టు తిరిగిపోవాలి. మామూలు పల్లె పెరిగి పట్నమైతే నడిమధ్యలో బజారు, చుట్టూ ఇళ్ళు ఉంటాయి. ఆవడిలో గోడల లోపల క్వార్టర్లు, గోడల అవతల ప్రైవేటు నగర్లు.

లెక్కలు చదివేటప్పుడు ఈ గోడలే మొదటి చిక్కు. 2011 జనాభా లెక్కల్లో ఆవడి మునిసిపాలిటీ జనాభా 3,45,996. విస్తీర్ణం సుమారు 65 చదరపు కిలోమీటర్లు. భాగిస్తే చదరపు కిలోమీటరుకు 5,300 పైచిలుకు వస్తుంది, చెన్నై పక్కన ఇది చాలా పలచన అనిపిస్తుంది. అలా అనుకోకూడదు. ఆ 65లో పెద్ద వాటా రక్షణ శాఖ భూమి, దానికి తోడు పరుత్తిపట్టు లాంటి చెరువులు. జనం నిజంగా కాపురముండే నగర్లలో రద్దీ దీనికి ఎన్నో రెట్లు. సైన్యం ఆధీనంలోని ప్రాంతాలను జనగణనలో స్పెషల్ చార్జ్ అని విడిగా లెక్కిస్తారు కాబట్టి వార్డుల అంకెల్లో హెచ్చుతగ్గులు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

1991లో సుమారు 1.8 లక్షలు, 2001లో 2.3 లక్షలు, 2011లో దాదాపు మూడున్నర లక్షలు. మొదటి పదేళ్ళలో పెరుగుదల పాతిక శాతం పైన, తర్వాతి పదేళ్ళలో యాభై శాతం. ఈ రెండో ఊపు ఫ్యాక్టరీలది కాదు, క్వార్టర్లు అలా పెరగవు. నగరంలో స్థలం కొనలేనివాళ్ళు లోకల్ ట్రైనును నమ్ముకుని ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆవడి అనే పేరుతో ఇప్పుడు కనీసం నాలుగు హద్దులున్నాయి: 2019లో మునిసిపాలిటీ నుంచి పెంచిన కార్పొరేషన్, తాలూకా, 2011లో మొదటిసారి ఎన్నిక జరిగిన అసెంబ్లీ నియోజకవర్గం, 2022 జనవరిలో మొదలైన పోలీసు కమిషనరేట్. కమిషనరేట్ అన్నిటికన్నా చాలా పెద్దది, అంబత్తూరు, రెడ్ హిల్స్ కూడా అందులోకే వస్తాయి. ఎవరైనా ఆవడిలో ఇన్ని లక్షల మంది అంటే ఏ హద్దు, ఏ సంవత్సరం అని రెండు ప్రశ్నలు వేయాలి. రెండింటిలో ఒకదానికి జవాబు లేకపోయినా ఆ అంకె వాడకండి.

పక్కనున్న అంబత్తూరు కథ చూస్తే ఇదెంత అవసరమో తెలుస్తుంది. జనగణన లెక్కకు తీసుకున్న 2011 మార్చి 1 నాటికి అది విడి మునిసిపాలిటీ, జనాభా 4.66 లక్షలు. అదే ఏడాది అక్టోబరులో చెన్నై కార్పొరేషన్‌లో కలిసిపోయింది. అందుకే 2011 చెన్నైకి రెండు అంకెలు కనిపిస్తాయి: పాత హద్దులకు 46.46 లక్షలు, విస్తరించిన 426 చదరపు కిలోమీటర్లకు సుమారు 67 లక్షలు. రెండూ సరైనవే. 67 లక్షలకు మళ్ళీ అంబత్తూరును కలిపితేనే తప్పు, ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

ఆవడిలో తెలుగువాళ్ళ సంఖ్య కావాలంటే జనగణనలోని మాతృభాషల పట్టిక సి-16 తెరవాలి. అందులో తెలుగు శీర్షిక కింద ఇచ్చే మొత్తంలో వడరి లాంటి ఇతర మాతృభాషలు కూడా కలిసి ఉంటాయి, దాని కింది వరసలో అచ్చంగా తెలుగు అని చెప్పినవాళ్ళ అంకె విడిగా ఉంటుంది. ఏది తీసుకున్నారో రాసి పెట్టుకోండి. తిరువళ్ళూరు జిల్లా శాతాన్ని తెచ్చి ఆవడికి అంటించవద్దు. 1960లో చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళిన తిరుత్తణి ప్రాంతం, ఆంధ్ర సరిహద్దున ఉన్న గుమ్మిడిపూండి కూడా ఇదే జిల్లాలో ఉన్నాయి. తెలుగు పల్లెలున్న ఆ వైపుకూ అన్ని రాష్ట్రాల ఉద్యోగులూ కలిసుండే ఆవడికీ పోలికే లేదు.

తదుపరి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి తనతో మాట్లాడిన భాష అని జనగణన నిర్వచనం. తల్లి చిన్నతనంలోనే పోయి ఉంటే అప్పట్లో ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష రాస్తారు. బడిలో చదివిందీ బజారులో మాట్లాడేదీ లెక్కలోకి రావు, వాటికి ‘తెలిసిన ఇతర భాషలు’ అని వేరే గడి ఉంది. 2011 ఫారంలో మాతృభాష 10వ ప్రశ్న, ఇతర భాషలు 11వది. ఇంటి యజమాని ఒక్కడే అందరి తరఫునా జవాబు చెప్పేచోట కోడలిదీ అత్తదీ ఒకే భాష అని రాసేయడం మామూలు. లెక్క రాసుకోవడానికి వచ్చిన మనిషి వెళ్ళేలోపు ఒక్కొక్కరి వరసా విడివిడిగా చదివించుకోవాలి.