కెమెరా సంగతి ఎందుకు రాశావన్నారు

శనివారం, ఆఫీసు లేదు. పొద్దున టిఫిన్ చేస్తూ ఫోన్ తీస్తే మా గేమింగ్ గ్రూపులో రాత్రి నేను పెట్టిన మెసేజ్ మీదే చర్చ నడుస్తోంది. ‘రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్’ అనే వీడియో గేమ్ డిస్కౌంట్‌లో ఉంది, కొనొచ్చా అని ఒకతను అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. రాజస్థాన్ కోటల్లాంటి ఆ కట్టడాల కోసం, తోలుబొమ్మల నీడల్లాంటి బొమ్మలతో కథ చెప్పిన తీరు కోసం తప్పకుండా ఆడాలి, కానీ కొన్ని చోట్ల కెమెరా ఎంత దూరం జరిగిపోతుందంటే కొట్లాట మధ్యలో మనం ఆడించే హీరోయిన్ రాజీ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది, ఐదారు గంటలు ఆడాక కథ ఠక్కున తెగిపోయినట్టు ఆగిపోతుంది, అని రాశాను.

అంతే. “మన పుణె వాళ్లు చేసిన గేమ్ కదా బ్రో, కెమెరా సంగతి ఎందుకు?” అని ఒకరు, “చిన్న టీమ్, ప్రోత్సహించాలి గానీ ఇలా రాస్తారా” అని ఇంకొకరు. 2017లో జనం దగ్గర చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్‌లో అడిగిన డబ్బు రాకపోయినా పట్టు వదలకుండా 2020లో గేమ్‌ని బయటికి తెచ్చినవాళ్లంటే నాకు మామూలు గౌరవం కాదు. గౌరవం ఉంది కాబట్టే పెద్ద స్టూడియో గేమ్‌ని చూసిన కళ్లతోనే దాన్నీ చూశాను. పెళ్లికెళ్లినప్పుడు ఆడపిల్ల తండ్రి అడిగితే భోజనాలు బ్రహ్మాండం అంటాం, అది మర్యాద, కానీ వచ్చే నెల అదే వంటవాళ్లని పెట్టుకోవాలనుకుంటున్న మనిషి వచ్చి అడిగితే సాంబారు సంగతి చెప్పాలా వద్దా? గ్రూపులో అడిగినతను డబ్బు పెట్టబోయే మనిషి.

నేను టెస్టింగ్‌లో పనిచేస్తాను కాబట్టి నాకిది ఇంకా వింతగా ఉంటుంది. దొరికిన తప్పులు రాసిచ్చే బగ్ రిపోర్టులో “చాలా బాగుంది, కాకపోతే చిన్న ఇబ్బంది” అని ఎవరూ రాయరు. ఏ లెవల్, ఏ మూల, ఏ బటన్ నొక్కితే ఏం జరిగింది, ఏం జరగాల్సింది, ఇంతే. చదివిన ప్రోగ్రామర్ ఏమీ అనుకోడు, సరిచేసి పంపిస్తాడు. అదే మాట రివ్యూలో రాస్తే మాత్రం మనసు నొచ్చుకుంటుందట.

ఈ మొహమాటానికి పెద్ద పెద్ద వాళ్లూ అతీతులు కారు. 2020 డిసెంబర్‌లో ‘సైబర్‌పంక్ 2077’ వచ్చినప్పుడు రివ్యూ రాసేవాళ్లకి ముందుగా పీసీ కాపీలే ఇచ్చారు, రివ్యూల్లో సొంత వీడియో వాడనివ్వలేదు. బగ్‌లు ఉన్నాయని రాసినవాళ్లలో కూడా చాలామంది తప్పులు సరిదిద్దే ప్యాచ్‌లు వస్తాయిలే అన్నట్టు సర్దిచెప్పి మంచి స్కోరు ఇచ్చేశారు. గేమ్ విడుదలైంది, సోనీ వాళ్ల గేమ్ కన్సోల్ పీఎస్4లో ఆడినవాళ్లు లబోదిబోమన్నారు, వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి దాన్ని తీసేసి డబ్బు వెనక్కిచ్చింది. తర్వాత 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్‌తో ఆ గేమ్ నిజంగానే చాలా బాగుపడింది. అయితే మొదటి రోజు పూర్తి ధర పెట్టినవాడు కొన్నది మూడేళ్ల తర్వాతి గేమ్‌ని కాదు కదా.

రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు చూపించే మెటాక్రిటిక్ సైట్‌లో సినిమాకి వందకి 61 వస్తే చాలు, బాగుందన్న గుర్తుగా పచ్చరంగు, గేమ్‌కి 75 రావాలి. గేమ్‌లకి మార్కులు మొదటి నుంచీ ధారాళంగా వేస్తూ వచ్చిన ఫలితమే ఇదని నా నమ్మకం. ఇప్పుడు ఎవరైనా నిజాయితీగా 70 వేస్తే, అంటే బాగానే ఉందని చెబితే, తిట్టినట్టు లెక్క! అలాగని “చెత్త గేమ్, టైమ్ వేస్ట్” అనే వాళ్లని నేను వెనకేసుకు రావట్లేదు. “సూపర్ బ్రో”లో ఎంత సమాచారం ఉందో అందులోనూ అంతే ఉంది, పైగా అవతలి మనిషిని బాధపెట్టడం అదనం.

మధ్యాహ్నం నుంచి చేసిన పని కూడా దీనికి సంబంధించిందే. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడొకడు తను చేసిన ప్లాట్‌ఫార్మర్ (దూకుతూ ముందుకెళ్లే గేమ్) డెమో పంపాడు, రివ్యూ ఇవ్వన్నా అని. వాళ్ల క్లాసులో అందరూ కేక అన్నారట. రెండో లెవల్‌లో వరుసగా మూడు బండరాళ్ల మీద నుంచి దూకాలి, మూడోదాని అంచున నిలబడి జంప్ నొక్కితే సగం సార్లు బొమ్మ ఎగరకుండా నీళ్లలో పడుతోంది. పాట బాగుంది, నీళ్ల రంగు చాలా బాగుంది, అవి కూడా రాశాను, నిజం కాబట్టి. కానీ పైన పెట్టింది బండరాయి సంగతే, ఎందుకంటే కొత్తగా ఆడేవాడు అక్కడ నాలుగుసార్లు పడితే గేమ్ మూసేస్తాడు, ఆ పాట వినేదాకా రాడు. అంచు దాటాక కూడా క్షణంలో చిన్న భాగం పాటు జంప్ పనిచేసేలా పెట్టి చూడు, చాలా గేమ్‌లలో అలాగే చేస్తారు అని కూడా రాశాను.

గంట దాకా జవాబు రాలేదు. వచ్చాక ఒకటే లైను, “కీబోర్డుతో ఆడావా అన్నా, కంట్రోలర్‌తోనా?” కీబోర్డుతో ఆడాను. కంట్రోలర్‌తో కూడా ఆడి రేపు పొద్దునకల్లా చెబుతానన్నాను.