చెప్పడానికీ అడగడానికీ మధ్య

మా ఇంట్లో బీరువా తాళం కనబడకపోతే అమ్మ ఒకరిని పిలుస్తుంది, నాన్న ఇంకొకరిని పిలుస్తారు. అమ్మ వంటింటి గడపలో నిలబడి, "అంతోనివారా, కాస్త చూపించండి, మంగళవారం కొవ్వొత్తి వెలిగిస్తాను" అంటుంది. నాన్న దిండ్లు ఎత్తి చూస్తూ, "ఆ తాళం ఎక్కడుందో తెలిసిన దేవుణ్ణే అడగరాదూ, మధ్యలో ఆయనెందుకు?" అంటారు. పోయిన వస్తువులకు పాదువా అంతోనివారు దిక్కని కతోలికులలో శతాబ్దాలుగా ఉన్న నమ్మకం. తాళం చాలాసార్లు నాన్న చొక్కా జేబులోనే దొరుకుతుంది కాబట్టి, ఎవరి మొర ఆలకింపబడిందో ఇప్పటివరకు తేలలేదు.

అమ్మ పుట్టిల్లు విజయవాడలో గుణదల కొండ కనబడే వీధిలో ఉంది. వాళ్లు తరతరాలుగా ఆర్.సి.ఎం. వారు, అంటే రోమన్ కతోలికులు. నాన్నది గుంటూరు లూథరన్ కుటుంబం, అంటే ప్రొటెస్టెంట్లు. 1842లో అమెరికా నుంచి హయ్యర్ అనే మిషనరీ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన పని ఫలితంగా మా ముత్తాత బాప్తిస్మం తీసుకున్నారు. పెళ్లయ్యాక అమ్మ ప్రతి ఆదివారం నాన్నతో పాటు లూథరన్ గుడికే వస్తోంది, అక్కడ పాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చు, అయినా తలగడ కింద జపమాల మాత్రం కదలలేదు. ఇద్దరి మధ్య పెరిగినవాణ్ణి కనుక, అంతోనివారి లాంటి పునీతులను వేడుకోవచ్చా కూడదా అనే ఈ తగాదాను నేను పుస్తకాలలో కంటే ముందు భోజనాల దగ్గర నేర్చుకున్నాను, పుస్తకాలు ఆ తరువాత చదివాను.

చదివాక నాకు మొదట తోచినది, ఈ తగాదాలో సగం మాటల వల్ల వచ్చిందని. అమ్మవాళ్లు పునీతులు అనేది పరలోకం చేరారని శ్రీసభ, అంటే కతోలిక సంఘం, ప్రకటించిన భక్తులను. నాన్నవాళ్లు పరిశుద్ధులు అనేది క్రీస్తును నమ్మిన వారందరినీ, ఎందుకంటే పౌలు రోమా వారికీ కొరింథు వారికీ రాసినప్పుడు బతికున్న సంఘస్థులనే ఆ మాటతో పిలిచాడు. గ్రీకులో రెండింటికీ మాట ఒకటే అయినా తెలుగులో రెండు మాటలు స్థిరపడిపోవడంతో, ఒకే ఊరిలో ఒకే విశ్వాస ప్రమాణాన్ని చదివే రెండు గుడులవారు "పరిశుద్ధుల సహవాసము" దగ్గరికి వచ్చేసరికి వేరువేరు మనుషులను తలచుకుంటారు.

ప్రార్థన అనే మాట ఇంకా చిక్కు పెడుతుంది. ప్రార్థన అంటే ఆరాధన అనీ, అది దేవునికి తప్ప ఇంకెవరికీ చెల్లదనీ నాన్న వాదన. అయితే మా అక్క పెళ్లికి ఆయన స్వయంగా ప్రూఫు దిద్ది అచ్చు వేయించిన శుభలేఖ చివర "బంధుమిత్ర సపరివార సమేతముగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన" అని ఉంది. బంధుమిత్రులను ఆయన ఆరాధించలేదు, రమ్మని అడిగారు. కతోలికులు చెప్పేది కూడా ఇదే: పునీతులను వేడుకోవడమంటే అడగడమే తప్ప ఆరాధన కాదు. 787లో జరిగిన రెండవ నైసియా మహాసభ ప్రతిమల తగాదాను తీరుస్తూ, వాటి ముందు చూపే గౌరవం వేరు, దేవునికి మాత్రమే చెల్లే ఆరాధన వేరు అని గీత గీసింది. అమ్మ వాళ్ల పునీతుల ప్రార్థనమాల వింటే ఆ గీత చెవికి తెలుస్తుంది. దేవుని పేరు వచ్చిన చోట జనం దయ చూపమని అంటారు, పునీతుల పేరు వచ్చిన చోట మా కొరకు ప్రార్థించమని అంటారు. మరియమ్మను ఉద్దేశించి చెప్పే మంగళవార్త జపంలో మొదటి సగం లూకా సువార్తలో గబ్రియేలు, ఎలీసబెతు పలికిన మాటలే కనుక నాన్నకు దాని మీద అభ్యంతరం లేదు. 1568 నాటి రోమా ప్రార్థన గ్రంథంలో స్థిరపడిన రెండవ సగంలో, "మా కొరకు ప్రార్థించండి" దగ్గర, ఆయన పెదవులు బిగుసుకుంటాయి.

నాన్న ఆయుధం తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండవ అధ్యాయం ఐదవ వచనం: "దేవునికిని నరులకును మధ్యవర్తియు ఒక్కడే." ఈ వచనం వినగానే అమ్మ అడిగే ప్రశ్న కూడా ఏళ్లుగా మారలేదు. "మరి పిల్లాడి పరీక్షలకు ముందు రోజు రాత్రి మీ గుడి పాస్టరు అయ్యగారికి ఫోన్ చేసి ప్రార్థన చేయమని అడిగింది ఎవరండీ? ఆయన మధ్యవర్తి కాదా?" నాన్న దగ్గర దీనికి జవాబు లేకపోలేదు, కానీ ఆ జవాబు ఆ వచనంలో లేదు. అదే అధ్యాయం మొదటి వచనంలోనే అందరి కొరకు విజ్ఞాపనలు చేయమని పౌలు ఆజ్ఞాపిస్తున్నాడు. అంటే ఒకరి కొరకు ఒకరు ప్రార్థించడం క్రీస్తు మధ్యవర్తిత్వానికి పోటీ అని ఆయన అనుకోలేదు. రెండవ వాటికన్ మహాసభ 1964లో శ్రీసభను గురించి వెలువరించిన పత్రం మరియమ్మ పాత్రను వివరించేటప్పుడు సరిగ్గా ఈ ఐదవ వచనాన్నే ఎత్తి చూపి, ఆమె వేడుకోలు క్రీస్తు ఏకైక మధ్యవర్తిత్వాన్ని ఏమాత్రం తగ్గించదని రాసింది. కాబట్టి ఈ ఒక్క వచనం చదివి వాదం గెలిచామనుకునే మా వైపు ప్రసంగీకులను విన్నప్పుడల్లా, ఎదుటివారు ఆ పేజీ ఎప్పుడూ తెరవలేదని వారెలా అనుకుంటారో నాకు అర్థం కాదు.

అటువైపు వాదనలలో నాకు అసలు మింగుడుపడనిది ఒకటుంది. "కలెక్టరును చూడాలంటే తెలిసినవాళ్ల చేత చెప్పించుకోమా? అలాగే ఇదీనూ" అని గుణదలలో మా పెద్దమ్మ అంటుంది. ఈ పోలిక వినడానికి బాగుంటుంది, మన దేశంలో అందరికీ అనుభవమే కూడా. భద్రాచలంలో రామదాసు తన మాట రాముడికి చెప్పమని సీతమ్మను బతిమాలుకున్న సంప్రదాయంలో పుట్టిన తెలుగువాడికి ఇందులో కొత్తేమీ ఉండదు. కానీ సిఫారసు లేనిదే పని జరగని ఆఫీసు మనకు తెలిసింది అక్కడి అధికారి మంచివాడు కాకపోవడం వల్ల, లేదా ఆయనకు తీరిక లేకపోవడం వల్ల. దేవుణ్ణి అలాంటి అధికారిగా ఊహించుకోవడం కతోలిక బోధ కూడా కాదు. హెబ్రీయులకు రాసిన పత్రిక "ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము" అంటోంది, ఆ వాక్యం రెండు బైబిళ్లలోనూ ఉంది. పునీతులను వేడుకోవడానికి సరైన పోలిక అమ్మ చెప్పిందే అనిపిస్తుంది: కుటుంబంలో ఒకరి కొరకు ఒకరు ప్రార్థించుకుంటారు, అంతే. నేరుగా వెళ్లే దారి మూసి ఉన్నందువల్ల ఎవరినీ అడగడం లేదు.

ప్రొటెస్టెంట్లు కతోలిక సంఘం నుంచి విడిపోయిన సంస్కరణోద్యమం రోజులకు వెళితే విచిత్రాలు కనిపిస్తాయి. 1505 జూలైలో స్టోటర్న్‌హైమ్ దగ్గర పిడుగుపాటుకు భయపడిన మార్టిన్ లూథర్ అరిచింది, "పునీత అన్నమ్మా, కాపాడు, నేను సన్యాసినవుతాను" అని. అంటే మా నాన్న సంఘానికి మూలపురుషుడు మఠంలో చేరిందే ఒక పునీతురాలికి మొక్కిన మొక్కు వల్ల. ఈ సంగతి అమ్మకు చెప్పకుండా ఉండవలసిందని నాన్న ఇప్పటికీ నన్ను తప్పుపడుతుంటారు.

అయితే 1530లో లూథరన్లు చక్రవర్తి ముందు ఉంచిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన ఇరవై ఒకటో అధికరణం చదివినప్పుడు, అది మన గుడులలో వినబడే ఖండనల కంటే ఎంత మెత్తగా ఉందో చూసి ఆశ్చర్యపోయాను. పునీతులను జ్ఞాపకం చేసుకోవాలి, వారి విశ్వాసాన్నీ సత్కార్యాలనూ అనుసరించాలి, కానీ వారిని వేడుకోమని గాని వారి సహాయం కోరమని గాని లేఖనం బోధించడం లేదు అని దాని సారం. మరుసటి సంవత్సరం దాన్ని సమర్థిస్తూ లూథర్ సహచరుడు మెలాంక్‌తన్ రాసిన గ్రంథం ఇంకొక మెట్టు దిగి, పరలోకంలోని పునీతులు సంఘం కొరకు సామాన్యంగా ప్రార్థిస్తున్నారని ఒప్పుకోవడానికి అభ్యంతరం లేదంటుంది, మక్కబీయుల రెండవ గ్రంథంలో చనిపోయిన యిర్మీయా ప్రజల కొరకు ప్రార్థిస్తున్నట్టు కనబడే దర్శనాన్ని కూడా ప్రస్తావిస్తుంది. ఆ పుస్తకం కతోలికుల డెబ్బై మూడు గ్రంథాల బైబిలులో ఉంది, నాన్న అరవై ఆరు గ్రంథాల బైబిలులో లేదు. ఇంత ఒప్పుకున్నాక కూడా వారు ఆగినది ఒక్క చోట: వాళ్లు మన కొరకు ప్రార్థించవచ్చు, కానీ మనం వారిని పిలవాలని ఆజ్ఞ లేదు, పిలిస్తే వింటారని వాగ్దానం లేదు, పిలిచినట్టు లేఖనంలో దృష్టాంతం లేదు. వాగ్దానం లేనప్పుడు ఆ ప్రార్థన విశ్వాసంతో చేసినది ఎలా అవుతుందన్నది వారి ప్రశ్న. ఇప్పటికీ ప్రొటెస్టెంట్ల చేతిలో ఉన్న గట్టి ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

ఎదుటి పక్షం కూడా మనం అనుకున్నంత దూరం పోలేదు. 1563 డిసెంబరులో కతోలికుల ట్రెంట్ మహాసభ చివరి సమావేశం పునీతులను వేడుకోవడం "మంచిది, ఉపయోగకరమైనది" అంది. ప్రతివాడూ చేసి తీరవలసినదని అనలేదు. వేడుకోవడం విగ్రహారాధన అన్నవారిని మాత్రం కఠినంగా ఖండించింది.

మాటలనూ సిఫారసునూ పక్కన పెడితే మిగిలేది ఒక్కటే, చావు. అయ్యగారిని ప్రార్థన చేయమని అడగడం తప్పు కాదని నాన్న ఒప్పుకుంటారు. ఆ అయ్యగారు రేపు పోతే, ఎల్లుండి అడగడం ఎందుకు తప్పవుతుంది? క్రీస్తునందు చనిపోయినవారు క్రీస్తు శరీరం నుంచి తెగిపోలేదని ఇద్దరి బోధా చెబుతుంది, "ఆయన సజీవుల దేవుడే గాని మృతుల దేవుడు కాడు" అన్న వాక్యం ఇద్దరికీ ఉంది. ప్రకటన గ్రంథం ఐదవ అధ్యాయంలో ఇరవై నలుగురు పెద్దలు పరిశుద్ధుల ప్రార్థనలు అనే ధూపద్రవ్యం నిండిన బంగారు పాత్రలు పట్టుకుని గొర్రెపిల్ల ముందు, అంటే క్రీస్తు ముందు, సాగిలపడతారు. మన ప్రార్థనలు పరలోకంలో ఎవరి చేతులలోనో ఉన్నాయని దీనివల్ల తెలుస్తుందని అమ్మ అంటుంది. ఆ ప్రార్థనలు ఆ పెద్దలకు చేసినవి కావు, దేవునికి చేసినవి, వాళ్లు మోస్తున్నారంతే అని నాన్న అంటారు. నాన్న ప్రసంగి గ్రంథం తెరిచి "చచ్చినవారు ఏమియు ఎరుగరు" అని చదువుతారు, ద్వితీయోపదేశకాండంలో చనిపోయినవారి వద్ద విచారణ చేయడాన్ని నిషేధించిన చోటు కూడా చూపిస్తారు. నాకైతే ఈ రెండూ ఇక్కడ అంతగా అతకవనిపిస్తుంది. ప్రసంగి సూర్యుని క్రింద కనబడేంత మేరకే మాట్లాడుతున్నాడు. ద్వితీయోపదేశకాండం నిషేధించినది సోదె అడగడాన్ని, అంటే దేవుడు చెప్పనిది చచ్చినవారి చేత చెప్పించుకోవడాన్ని. "మా కొరకు ప్రార్థించండి" అన్న మాట తిరిగి జవాబు ఆశించదు. అయినా ఒకే ఘడియలో వేయి ఊళ్లలో వేయి భాషలలో పిలిచే పిలుపులు మనిషై పుట్టిన ఒక పునీతుడికి ఎలా వినబడతాయన్న ప్రశ్న మిగులుతుంది. దేవుడే వారికి తెలియజేస్తాడని కతోలికుల జవాబు. అలాంటప్పుడు ముందు దేవునికే చెప్పినట్టు కదా అని నాన్న నవ్వుతారు, ఆ నవ్వులో కొంత న్యాయం ఉంది.

ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే గుణదల మేరీమాత ఉత్సవాలకు అమ్మను ప్రతి ఏడాదీ నేనే తీసుకెళతాను. 1924లో ఆర్లాటి అనే ఇటలీ కతోలిక గురువు లూర్దుమాత స్వరూపాన్ని ఆ కొండ మీద నిలిపారు. పదకొండవ తేదీ 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మరియమ్మ మొదటిసారి కనబడిందని చెప్పే రోజు. తలనీలాలు ఇచ్చి పసుపు రాసుకున్న గుండ్లతో మెట్లు దిగేవారిలో క్రైస్తవులు కానివారు ఎందరో ఉంటారు. పుస్తకంలో గీసిన గీత ఇక్కడ అంత స్పష్టంగా కనబడదని ఒప్పుకోక తప్పదు. "అమ్మా, పిల్లాడికి నయం చేయి, కొబ్బరికాయ కొడతాను" అనే తల్లి మరియమ్మను ప్రార్థించమని అడగడం లేదు, నయం చేయమనే అడుగుతోంది. నాన్న భయమల్లా దీని గురించే, ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. కానీ పక్కనే నిలబడ్డ అమ్మ పెదవులు కదిపేది చూస్తాను. ఆమె జపమాలలో పది పూసలకు ముందు ప్రతిసారీ పరలోక జపం ఉంటుంది, వరుస తప్పితే మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తుంది.

నా సంగతి అడిగితే, నేను పునీతులను వేడుకోను. లూథరన్లు అడిగిన ఆ వాగ్దానం నాకు ఎక్కడా దొరకలేదు. వేడుకునేవారిని విగ్రహారాధకులు అనడం మాత్రం నా నోటికి రాదు, ఒకసారి ఒక పాస్టరుగారు అమ్మ ముందే ఆ మాట అన్న తరువాత ఆయన ప్రసంగాలకు వెళ్లడం మానేశాను.

మా నాన్నమ్మ పోయిన మరుసటి ఏడాది ఈస్టరు తెల్లవారుజామున అందరం సమాధుల తోటకు వెళ్లాం. నాన్న ముందు రోజే వెళ్లి సమాధికి సున్నం వేయించి వచ్చారు. బంతిపూల దండ వేసి, నాలుగు మూలలా కొవ్వొత్తులు నిలబెట్టి, కాసేపు తల వంచుకుని నిలబడి, చివరకు చాలా మెల్లగా, "అమ్మా, పిల్లాడికి ఉద్యోగం వచ్చిందే, హైదరాబాదులో" అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర ఆపి, "నాన్నా, నాన్నమ్మతో మాట్లాడారు కదా, అది ప్రార్థన కాదా?" అని అడిగాను. ఆయన చెప్పుల్లోని ఇసుక దులుపుకుంటూ కాస్త ఆలోచించారు.

"చెప్పానురా. ఏమీ అడగలేదు."

అమ్మ ఇంకా లోపలే ఉంది, గాలికి ఆరిపోయిన కొవ్వొత్తిని మళ్లీ వెలిగిస్తోంది.