ఆ దండ ఏ వైపున ఉండేది?

గుంటూరు నుంచి అమరావతి దాకా బస్సులో నిలబడే వచ్చాను. దిగాక బౌద్ధ స్తూపం దగ్గరికి ఆటో అతను చెప్పిన రేటు వింటే ఒళ్లు మండింది. ఎండలోనే నడిచాను. గుడి, ధ్యానబుద్ధ విగ్రహం మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ఆ స్తూపాన్ని ఊరివాళ్లు దీపాలదిన్నె అంటారు. ఇప్పుడది గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ విరిగిన రాళ్లు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో కట్టడాల కోసం రాళ్లు పట్టుకుపోయారు. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కడి నుంచి ఓడెక్కాయి.

చెట్టు నీడలో కూర్చుని ఫోన్‌లో బ్రిటిష్ మ్యూజియం సైటు తెరిచాను. ఇక్కడి రాళ్లకు అక్కడ 1880,0709తో మొదలయ్యే నంబర్లు. సిగ్నల్ అంతంతమాత్రం, ఫొటో రావడానికి యుగం పట్టింది. ఈలోగా గుడి దగ్గర పూలమ్మి ఇంటికెళ్తున్న ఒకావిడ పక్కన కూర్చుని, "ఏంటమ్మాయ్ అంత దీక్షగా చూస్తున్నావ్?" అంది.

చూపించాను. స్తూపం చుట్టూ ఉండే రాతి కంచెలో పైవరస రాయి అది. మనుషులు భుజాల మీద మెలికలు తిరిగిన లావుపాటి పూలదండ మోస్తున్నారు. ఆవిడ ఫోన్ లాక్కున్నంత పని చేసింది. పెద్దది చేసి చూపిస్తే పువ్వు పువ్వూ వెతికింది.

"అబ్బో, ఇంత లావు దండకి ఎన్ని పూలు కావాలో! ఎవరు కట్టారో గానీ చెయ్యి తిరిగినవాళ్లే. ఇది ఏ వైపున ఉండేదమ్మా?"

ఆ పేజీలో దానికి జవాబు లేదు. కంపెనీ సర్వేయరు మెకంజీ బృందం ఈ స్తూపాన్ని చూసి గీసిన బొమ్మలు, 1817 నాటి ప్లాను బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. శాసనాలు ఇంకో సైట్లో, మిగతా శిల్పాల్లో చాలా చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో. దిబ్బ మ్యాపు మీద ఒకచోట వేలు పెడితే అక్కడి రాయి, దాని బొమ్మ, దాని శాసనం తెలుగులో కనబడే ఏర్పాటు మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు. ఇన్ని ఫొటోలు తీసినవాళ్లకి అది చేతకాని పని కాదు. ముందుగా కావలసింది ఈ ఊరివాళ్లకే.

"మా అమ్మాయికి వాట్సాప్‌లో పెట్టు" అని నంబరు చెప్పిందావిడ. లింకు పంపితే అంతా ఇంగ్లీషు. అందుకే స్క్రీన్‌షాట్ పంపి కింద రాశాను: "మన దీపాలదిన్నె కంచె పైవరస రాయి. ఇప్పుడు లండన్‌లో ఉంది. ఏ వైపుదో తెలియాలి."